సక్యులెంట్లు ఇంట్లో ఉంచుకోవచ్చా? ముందు ఒక్కోదాని పేరు తెలుసుకోండి

ప్రశ్న: మా బాబుకి పది నెలలు. ఈమధ్యే పాకడం, ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడటం మొదలుపెట్టాడు. ఇంట్లో పిల్లి కూడా ఉంది. నాకు సక్యులెంట్లంటే ప్రాణం. నాలుగేళ్ళుగా ఒక్కొక్కటే తెచ్చి పెంచుకున్నవి పదకొండు కుండీలు అయ్యాయి. జేడ్, కలబంద, స్నేక్ ప్లాంట్, కలాంచో, గులాబీ పువ్వులా విచ్చుకునే ఎచెవేరియాలు రెండు, తెల్ల చారల హవోర్థియా, వేలాడదీసిన ముత్యాల తీగ, అడీనియం, కుందేలు చెవుల్లాంటి కాక్టస్, మూడు పలకలుగా నిటారుగా పెరిగే పొడుగు కాక్టస్. మొన్న బాబు నోట్లో జేడ్ ఆకు కనబడింది. వెంటనే తీసేశాను, వాడికి ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచీ మావారూ అత్తగారూ అన్నీ తీసేయమంటున్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఒకచోట సక్యులెంట్లు ఏ హానీ చేయవని, ఇంకోచోట విషమని రాస్తున్నారు. రాత్రిపూట గదిలో ఉంటే గాలి పాడవుతుందని కూడా విన్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజంగా అన్నీ వదులుకోవాల్సిందేనా?

సమాధానం:

అన్నీ వదులుకోనక్కర్లేదు. కానీ మీ జాబితాలో ఒక మొక్కను మాత్రం ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేలోపు బాబుకి అందని చోటికి మార్చండి. అది మీరు భయపడుతున్న జేడ్ కాదు, మూడు పలకల పొడుగు కాక్టస్. ఎందుకో చెబుతాను.

ముందు జేడ్ ఆకు సంగతి. మనుషుల వరకు జేడ్ పెద్దగా విషం కాదు. కాస్త నమిలితే కడుపులో తిప్పడం, ఒకటి రెండు వాంతులు ఉండొచ్చు. మీ బాబు విషయంలో అది కూడా జరగలేదు కాబట్టి ఆ భయం వదిలేయండి. కాకపోతే ఆ ఆకు మందంగా, నున్నగా, సరిగ్గా చిన్నపిల్లల గొంతుకు అడ్డంపడేంత ఉంటుంది. ఆ రోజు తప్పిన ప్రమాదం విషం కన్నా అదే.

ఇక ఇంటర్నెట్‌లో రెండు రకాలుగా ఎందుకు రాస్తారంటే, ‘సక్యులెంట్’ అన్నది ఒక మొక్క జాతి పేరు కాదు. నీళ్ళు కరువైన చోట బతకడానికి ఆకుల్లోనో కాండంలోనో వేళ్ళలోనో నీరు దాచుకునే మొక్క ఏదైనా సక్యులెంటే. ఒకదానికొకటి చుట్టరికం లేని ఎన్నో కుటుంబాల మొక్కలు విడివిడిగా ఈ పద్ధతి నేర్చుకున్నాయి. మీ అడీనియం గన్నేరు కుటుంబానిది. ఎచెవేరియా, జేడ్, కలాంచో ఒక కుటుంబం. కలబంద, హవోర్థియా దగ్గరి బంధువులు. అయినా కలబంద పిల్లికి పడదు, హవోర్థియాతో ఇబ్బంది లేదు. అంటే ఒకే కుటుంబంలో కూడా ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని అంచనా వేయలేం. అందుకే ‘సక్యులెంట్లు మంచివా చెడ్డవా’ అనే ప్రశ్నకు జవాబు ఉండదు. ‘ఈ కుండీలో ఉన్నది ఏది’ అని అడిగితేనే జవాబు ఉంటుంది.

ఇప్పుడు ఆ పొడుగు మొక్క. మీ వర్ణనను బట్టి అది కాక్టస్ కాదు, యుఫోర్బియా. బహుశా యుఫోర్బియా ట్రైగోనా. మన భాషలో నాగజెముడు, బొంతజెముడు, ఆకుజెముడు అని అన్నిటినీ జెముడు అనే అంటాం. నాగజెముడు కాక్టస్ కుటుంబం, బొంతజెముడూ ఆకుజెముడూ యుఫోర్బియాలు. ముళ్ళు ఉంటాయి కాబట్టి చూపుకి ఒకలాగే ఉంటాయి, లోపల పూర్తిగా వేరు. అమ్మే చోట కూడా ముళ్ళున్న ప్రతిదానికీ కాక్టస్ అనే చీటీ పెట్టేస్తుంటారు.

తేడా కనుక్కోవడం కష్టం కాదు. పగటి వెలుతురులో దగ్గరగా చూడండి. కాక్టస్‌లో ముళ్ళు ఒక చిన్న దూదిబొట్టు లాంటి మెత్తలోంచి గుత్తిగా వస్తాయి. ఆ మెత్తలు కాండం మీద వరసగా ఉంటాయి. యుఫోర్బియాలో ఆ దూది ఉండదు. పలక అంచు మీద ముళ్ళు సాధారణంగా జంటలు జంటలుగా, చిన్న కొమ్ముల్లా ఉంటాయి. ట్రైగోనా అయితే ఆ ముళ్ళ మధ్య నుంచి చిన్న చిన్న ఆకులు కూడా మొలుస్తాయి. యుఫోర్బియాకు ఎక్కడ గీరుకున్నా తెల్లటి పాలు కారతాయి. పాలు కారేవన్నీ యుఫోర్బియాలు కావు, కొన్ని కాక్టస్‌లకూ పాలుంటాయి. కాబట్టి పరీక్ష కోసం గోటితో గిల్లకండి, ముళ్ళు చూసి తేల్చుకోండి.

ఆ పాల గురించి నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది తక్కువ, అనుభవం మీద తెలిసింది ఎక్కువ. కొన్నేళ్ళ కిందట ఇలాంటి మొక్కే ఒకటి పైకి మరీ పెరిగి ఒరిగిపోతుంటే, కొమ్మ కోసి నాటుదామని కూర్చున్నాను. చేతికి గ్లవ్స్ వేసుకున్నాను కూడా. కత్తి దిగగానే పాలు బొట్లు బొట్లుగా కారి గ్లవ్స్ మీద పడ్డాయి. మధ్యలో నుదుటి మీద చెమట కారితే ముంజేత్తో తుడుచుకున్నాననే అనుకున్నాను, గ్లవ్ అంచు తగిలి ఉంటుంది. కాసేపటికి కంట్లో సన్నటి మంట. కుళాయి దగ్గర రెండు దోసిళ్ళు నీళ్ళు కొట్టుకుని మళ్ళీ పనిలో పడ్డాను. రాత్రికి కన్ను ఎర్రగా వాచింది, దీపం వైపు చూడలేకపోయాను, ఇసుక పోసినట్టు గరగర. తెల్లవారి డాక్టరు దగ్గరికి వెళ్తే కార్నియా మీద వాపు, పైపొర దెబ్బతిన్నదని చెప్పి చుక్కలు రాశారు. వారం రోజులకు పైగా ఆ కంటితో అక్షరం చదవలేకపోయాను. చివరికి పూర్తిగా తగ్గింది, కానీ ఆ రాత్రి నాకు ఇంకా గుర్తుంది. అదే పాలు పది నెలల పిల్లాడి వేలికి అంటి, వాడు కన్ను నులుముకుంటే ఎలా ఉంటుందో చెప్పనవసరం లేదు.

నేను చేసిన తప్పు ఏమిటంటే, మొదట మంట తక్కువగా ఉందని తేలిగ్గా తీసుకోవడం. యుఫోర్బియా పాలు అలాగే మోసం చేస్తాయి. వాపు గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. కంట్లో పడితే అప్పటికప్పుడు ధారగా పారే శుభ్రమైన నీళ్ళతో కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయాలి. తర్వాత మంట తగ్గినట్టు అనిపించినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి, మొక్క ఫోటో చూపించాలి. ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయకూడదు. చర్మం మీద పడితే సబ్బుతో బాగా కడిగితే సరిపోతుంది, కాకపోతే పాలు జిగురుగా ఉంటాయి కాబట్టి ఒక్కసారి కడిగితే పోవు. కాడజెముడు అని మనం పిలిచే పెన్సిల్ కాక్టస్, ఎర్రపూల ముళ్ళమొక్క క్రౌన్ ఆఫ్ థార్న్స్ కూడా యుఫోర్బియాలే. పెన్సిల్ కాక్టస్‌కు ముళ్ళే ఉండవు, లేతగా ఆకుపచ్చ పుల్లల్లా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అది అసలు వద్దని నా గట్టి అభిప్రాయం.

మీ జాబితాలో రెండోది కుందేలు చెవుల కాక్టస్. ఇది నిజంగా కాక్టసే, నాగజెముడు జాతి. విషం లేదు. కానీ దాని మీద పొడుగు ముళ్ళు కనబడవు కదా, పసుపు చుక్కలు మెత్తటి మఖ్మల్ గుడ్డలా ఉంటాయి. తాకాలనిపిస్తుంది, పెద్దవాళ్ళకే అనిపిస్తుంది. ఒక్కో చుక్కలో వెంట్రుక కన్నా సన్నటి ముళ్ళు వందలు ఉంటాయి. వాటికి వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, ముట్టుకోగానే ఊడి చర్మంలో దిగిపోతాయి. కంటికి సరిగా ఆనవు, రోజుల తరబడి గుచ్చుతూనే ఉంటాయి. పిల్లలు ఆ వేళ్ళే నోట్లో పెట్టుకుంటే పెదవుల్లో, నాలుకలో దిగుతాయి. గుచ్చుకున్నప్పుడు రుద్దకూడదు, నోటితో లాగకూడదు. పక్కనుంచి లైటు పడేలా పెట్టుకుని ట్వీజర్‌తో వచ్చినన్ని తీసి, మిగిలినవాటికి అంటుకునే టేపు మెల్లగా అద్ది లాగాలి. పిల్లలకైతే, అందులోనూ నోట్లోనో కంటి దగ్గరో అయితే, ఇంట్లో ప్రయత్నించకుండా డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. ఈ కుండీని అలమర పైన పెట్టినా నాకు నమ్మకం లేదు. పిల్లి ఒరుసుకుంటే దాని బొచ్చుకు అంటిన ముళ్ళు మీ పరుపు మీదికి వస్తాయి. బాబు పెద్దయ్యేదాకా ఎవరికైనా ఇచ్చేయండి.

అడీనియం, కలాంచో రెండూ పువ్వుల కోసం పెంచేవి, రెండింటిలోనూ గుండె మీద పనిచేసే విషపదార్థాలున్నాయి. అడీనియం గన్నేరు కుటుంబం అన్నాను కదా, గన్నేరు విషం గురించి మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆఫ్రికాలో అడీనియం రసాన్ని వేటగాళ్ళు బాణాలకు పూసేవారు. కలాంచోలో ఆకుల కన్నా పువ్వుల్లో ఆ పదార్థం ఎక్కువ. దాని దగ్గరి బంధువులను మేసి ఆస్ట్రేలియాలో పశువులు చచ్చిపోవడం పశువైద్యులకు బాగా తెలిసిన విషయం. పిల్లి ఒక ఆకు కొరికితే వాంతులు, విరేచనాలతో సరిపోవచ్చు, ఎక్కువ తింటే గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుంది. మన రణపాల కూడా కలాంచో కుటుంబానిదే, అలాంటి పదార్థాలే అందులోనూ ఉన్నాయి. మొక్కగా కుండీలో ఉండనివ్వండి గానీ, ఎవరో చెప్పారని ఆకులు నమలడం, అందులోనూ గుండెకు మందులు వాడేవాళ్ళు నమలడం మంచిది కాదు. అడీనియం ఎలాగూ ఎర్రటి ఎండ కోరుకునే మొక్క. బాల్కనీలోనో మేడ మీదో పెడితే దానికీ మేలు, మీకూ నిశ్చింత. కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోవడం మాత్రం మరవకండి.

ముత్యాల తీగను చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది, ఎందుకంటే ఆ ఆకులు అచ్చం పచ్చి బఠానీల్లా ఉంటాయి. తింటే కడుపునొప్పి, వాంతులు, పిల్లులకు నోటి నుంచి చొంగ. వేలాడదీశాను కదా అనుకోకండి, ఆ తీగ రోజూ ఒకటో రెండో గింజలు కింద రాలుస్తుంది. మీకు కనబడవు. నేల మీద పాకేవాడికి ముందు కనబడేవి అవే. వేలాడే మొక్క కావాలంటే దాని బదులు గాడిద తోక అని పిలిచే సీడమ్ తెచ్చుకోండి, అది పిల్లులకు హాని చేయదు. దాని ఆకులు కూడా రాలతాయి కాబట్టి పిల్లాడు తిరిగే చోటికి దూరంగానే కట్టండి.

కలబంద విషయంలో చాలామంది వాదిస్తారు, ‘అది మందు కదా’ అని. ఆకు చీల్చి చూడండి. మధ్యలో నీళ్ళలాంటి జిగురు, తొక్కకు ఆనుకుని పసుపు రంగు రసం. ఒంటికి రాసుకునేది ఆ జిగురు. పసుపు రసంలో ఉండే అలోయిన్ గట్టి విరేచనకారి. కలబంద రసంతో చేసిన విరేచనాల మందులకు భద్రత రుజువులు చూపించలేదని 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుంచి తప్పించింది. పిల్లి నమిలేది తొక్కతో సహా కాబట్టి దానికి దక్కేది పసుపు రసమే. స్నేక్ ప్లాంట్‌లో సబ్బులా నురగొచ్చే సాపోనిన్లు ఉంటాయి, నమిలితే నోట్లో మంట, వాంతులు, అంతకు మించి సాధారణంగా ఉండదు. దాంతో నాకున్న బెంగ వేరే. ఆకులు పొడుగు, కుండీ చిన్నది. నిలబడటం నేర్చుకుంటున్న పిల్లాడు ఆకు పట్టుకుని లాగితే కుండీ నెత్తి మీద పడుతుంది. దాన్ని బరువైన, అడుగు వెడల్పున్న కుండీలోకి మార్చండి, లేదా బాబు తిరగని గదిలో పెట్టండి.

జేడ్ మనుషులకు పెద్దగా ఏమీ చేయకపోయినా పిల్లికి, కుక్కకు పడదు. వాంతులు, నీరసం, తూలుతూ నడవడం కనిపిస్తాయి. విచిత్రం ఏమిటంటే అందులో హాని చేసే పదార్థం ఏదన్నది ఇంకా తేలలేదు. అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ జేడ్‌ను విషమొక్కల జాబితాలో పెట్టి, విషపదార్థం తెలియదు అనే రాసింది. అదే సంస్థ హవోర్థియాను, ఎచెవేరియాను పిల్లులకు హాని లేనివిగా చెబుతుంది. కాబట్టి మీ పదకొండిట్లో హవోర్థియా, రెండు ఎచెవేరియాలు, ఈ మూడు కుండీలూ మీతోనే ఇంట్లో ఉండొచ్చు. హాని లేదంటే తినొచ్చని కాదు. ఎచెవేరియా ఆకు కూడా పిల్లాడి గొంతులో ఇరుక్కుంటుంది, హవోర్థియా కొస సూదిగా ఉంటుంది. అందని ఎత్తు మాత్రం తప్పదు.

కుండీల పైన అందం కోసం పరిచే రంగురాళ్ళున్నాయా? ఉంటే ఈరోజే తీసేయండి. పది నెలల పిల్లాడికి మీ మొక్కలన్నిటి విషం కన్నా ఆ గులకరాళ్ళే పెద్ద ప్రమాదం. కింద పళ్ళేల్లో నీళ్ళు నిలవకుండా చూడండి. వారం పదిరోజుల్లో అందులోంచి దోమలు లేస్తాయి, సక్యులెంట్ల వేళ్ళు కూడా కుళ్ళిపోతాయి. పిండినల్లి పడితే మట్టిలో పురుగుమందు గుళికలు వేయకండి, ఆ మందు వేళ్ళ నుంచి ఆకుల్లోకి ఎక్కుతుంది, అప్పుడు మంచి ఎచెవేరియా కూడా మంచిది కాకుండా పోతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కో పురుగునూ తుడిచేస్తే చాలు, పొయ్యికి దూరంగా కూర్చుని.

రాత్రిపూట గాలి గురించి మీ ఇంట్లోవాళ్ళకు ఇలా చెప్పండి. మామూలు మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. ఎండలో రంధ్రాలు తెరిస్తే నీళ్ళు ఆవిరైపోతాయని చాలా సక్యులెంట్లు పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. రాత్రి పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లవారి ఎండ వచ్చాక దాంతో ఆహారం తయారుచేసుకుంటాయి. కాబట్టి అవి రాత్రి గదిలో గాలిని చెడగొట్టవు. అలాగని రాత్రంతా ఆక్సిజన్ ఇస్తాయన్న ప్రచారం కూడా సరికాదు, ఆక్సిజన్ తయారయ్యేది వెలుతురు ఉన్నప్పుడే. 1989 నాటి నాసా ప్రయోగం చూపించి స్నేక్ ప్లాంట్ గాలిని శుద్ధి చేస్తుందని చెబుతుంటారు. ఆ ప్రయోగం చేసింది గట్టిగా మూసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో. తలుపులూ కిటికీలూ ఉన్న ఇంట్లో రెండు కుండీల వల్ల గాలిలో తెలిసేంత మార్పేమీ రాదు, మంచికైనా చెడుకైనా.

ఎప్పుడైనా బాబు ఏదైనా నమిలినట్టు కనబడితే, నోట్లో ఉన్నది వేలితో బయటికి తీసి, తడిగుడ్డతో నోరు తుడవండి. బలవంతంగా వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు తాగించకండి. ఏ మొక్కో తెలిసేలా ముక్క ఒకటి కవర్లో వేసుకుని, ఫోటో తీసుకుని డాక్టరుకు ఫోన్ చేయండి. ఊపిరి ఆడనట్టు ఉన్నా, పెదవులు వాచినా, మగతగా ఉన్నా ఫోన్‌తో ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లికైతే పశువైద్యుడికి అదే ముక్క, అదే ఫోటో. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘ఏం మొక్క’ అనే. అందుకే ఈ ఆదివారం కూర్చుని ప్రతి కుండీకి వెనకవైపు చెరగని ఇంకుతో పేరు రాయండి. మీరు ఇంట్లో లేనప్పుడు అత్తగారు చదివి చెప్పగలగాలి కాబట్టి తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాయండి.

మీవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. వాళ్ళకు కనబడింది పిల్లాడి నోట్లో ఆకు. ‘ఇవి మూడు ఉంటాయి, వీటితో భయం లేదు, ఇవి బయటికి, ఇవి వేరేవాళ్ళకి’ అని మీరు పేరు పేరునా చూపిస్తే వాళ్ళ భయమూ తగ్గుతుంది. నాలుగేళ్ళు పెంచుకున్న మొక్కను ఇంకొకరి చేతిలో పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. జేడ్ నుంచి ఒక కొమ్మ, కలబంద నుంచి ఒక పిలక తీసి స్నేహితుల దగ్గర ఉంచుకోండి, రెండు మూడేళ్ళయ్యాక మళ్ళీ తెచ్చుకోవచ్చు.

యుఫోర్బియాను ఇచ్చేటప్పుడు మాత్రం ఉత్త కుండీ ఇచ్చేయకండి. తీసుకునేవాళ్ళ ఇంట్లోనూ పిల్లలుండొచ్చు. కాండం చుట్టూ గుడ్డ చుట్టి, ‘ఇది కాక్టస్ కాదు, యుఫోర్బియా. పాలు కంట్లో పడకూడదు. పడితే ఇరవై నిమిషాలు నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి’ అని చీటీ రాసి కుండీకి కట్టండి.